పొలములో దొరికిన అడవి పిల్లలు: పెంచబోవు ముందు

(ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. వ్యవసాయము, బోయిగూడ, సికింద్రాబాదు)

కోతల కాలము వచ్చినదనగా వ్యవసాయశాఖ ఉద్యోగులకు విత్తనము, ఎరువు, తెగుళ్ళను గురించిన ప్రశ్నలతోపాటు మరియొక విధమైన ప్రశ్నలు కూడ వచ్చుచుండును. "కంది కోయుచుండగా మూడు కుందేలు పిల్లలు దొరికినవి. తల్లి జాడ లేదు. ఏమి పెట్టి పెంచవలెను?" అని ఒకరు అడుగుదురు. "చెఱకు నరుకుచుంటే పిల్లికూనలవంటివి కనబడినవి. చిరుత పిల్లలేమోనని కూలీలు పని మాని గట్టునెక్కినారు" అని మరియొకరు ఫోను చేయుదురు. అడవి జంతువులు అటవీశాఖవారి పరిధిలోనివి. మా శాఖకు వాటిపై అధికారము లేదు. అయినను పొలము మీది, కొడవలి మీ చేతిలోనిది. ఆ పిల్లను మొట్టమొదట చూచువారు మీరే, ముట్టుకొనువారును మీరే. ఆ మొదటి గంటలో మీరు చేయు పనిని బట్టియే ఆ పిల్ల బ్రతుకుట, చచ్చుట చాలవరకు తేలిపోవును.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. పొలములో ఒంటరిగా కనబడిన ప్రతి పిల్లయు తల్లిలేని పిల్ల కాదు. నిజము చెప్పవలెనన్న, వానిలో ఎక్కువ భాగమునకు తల్లి ఉన్నది. మన పశువులను చూచి మనకొక అలవాటు ఏర్పడినది. దూడ ఆవు వెంటనే ఉండును. ఆవు కనబడని యెడల దూడకు ఏదియో ఆపద వచ్చినదని తలంతుము. అడవి జంతువులలో అనేకము ఇట్లు పిల్లను వెంటబెట్టుకొని తిరుగవు. దాచిపెట్టి పోవును.

కుందేలునే తీసికొనుడు. మన చేలలో తిరుగు కుందేలు, ఇండ్లలో పెంచు సీమకుందేలు వలె బొరియ త్రవ్వదు. గడ్డిలోనో, చేనులోనో నేలమీదనే చిన్న పడక చేసికొని ఈనును. పిల్లలు పుట్టుటతోడనే ఒంటినిండ బొచ్చుతో, తెరచిన కన్నులతో ఉండి, కదలక మెదలక నేలకు అంటుకొని పడియుండును. తల్లి పగలంతయు దూరముగా మసలి, ప్రొద్దు గ్రుంకిన తరువాత వచ్చి, కొద్ది నిమిషములు పాలిచ్చి మరల వెడలిపోవును. తాను అక్కడనే కూర్చున్న యెడల తన వాసనకు నక్కయు, కుక్కయు వచ్చునని దానికి తెలియును. పగలు పది గంటలకు మీకు కనబడిన పిల్ల ప్రక్కన తల్లి లేకుండుట ఆ తల్లి నిర్లక్ష్యము కాదు, అది దాని కాపలా పద్ధతి.

జింకల సంగతియు ఇంతే. నారాయణపేట ప్రాంతమున కృష్ణ ఒడ్డు పొలములవారికి కృష్ణజింకను గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. ఆ జింక సాధారణముగా ఒక్క పిల్లనే ఈనును. పుట్టిన తొలి దినములలో పిల్ల మందతో తిరుగక గడ్డిలో దాగియుండును. మనిషి దగ్గరకు వచ్చినను లేచి పరుగెత్తదు. మెడ నేలకు ఆనించి బిగుసుకొని పడియుండును. ఇది చూచి, "లేవలేకున్నది, జబ్బు చేసినది" అని ఎత్తుకొని వచ్చినవారు పలువురు. అది జబ్బు కాదు. కదలని పిల్ల వేటజంతువు కంటబడదు. అది పుట్టుకతో వచ్చిన విద్య.

ఇక్కడ కొందరు రైతులు నన్ను ఆపి అడుగుదురు: "అయ్యా, ఈ జింకలు, అడవిపందులు మా పంటను తిని పోవుచుండగా వాని పిల్లలను కాపాడుమని మాకే చెప్పుచున్నారా?" ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. రాత్రియంతయు మంచెమీద మేలుకొని కూర్చున్నవాని బాధ కార్యాలయములో కూర్చున్నవారికి తెలియదు. పంటనష్టమునకు అటవీశాఖ ద్వారా పరిహారము కోరు పద్ధతి ఉన్నది. నష్టము జరిగిన వెంటనే ఛాయాచిత్రములు తీయించి అర్జీ పెట్టవలెను. అయితే దొరికిన పిల్లను ఇంటికి తెచ్చుటవలన పంటనష్టము ఒక్క గింజ కూడ తగ్గదు. పిల్లను చోటనే వదలిన యెడల కొలది వారములలో అది తల్లితోపాటు మందలో కలిసి పోవును. ఇంటికి తెచ్చిన యెడల అది చచ్చుటయో, చావక పెరిగి మీకే బరువగుటయో జరుగును. మరి అడవిపిల్లి, ముంగిస, పైడికంటె, గుడ్లగూబల మాట వేరు. ఇవి ఎలుకలను తిను జంతువులు. వాని పిల్లలను పోగొట్టుకొన్న చేనుకు ఎలుకల మందు ఖర్చు పెరుగును. గుడ్లగూబ పిల్ల చెట్టునుండి పడిన అరిష్టమని రాళ్ళతో కొట్టు అలవాటు ఇంకను కొన్ని ఊళ్ళలో ఉన్నది. ఇది మన ధాన్యపు కొట్టునకు మనమే చేసికొను నష్టము.

మరి పిల్ల నిజముగా అనాథయే అని ఎట్లు తెలియును? తల్లి ప్రక్కనే చచ్చి పడియున్నప్పుడు సందేహము లేదు. పిల్ల ఒంటిపై గాయము, కుక్క కాటు, ఈగల గ్రుడ్లు, చీమలు ఉన్నను, ముట్టుకొన్న చల్లగా తగులుచున్నను, గంటల తరబడి అరచుచున్నను సహాయము అవసరమని గ్రహింపవలెను. ఇవి ఏవియు లేనప్పుడు పిల్లను కదలింపక, కుక్కలను కట్టివేసి, మనుష్యులు దూరముగా తొలగి ఒక రాత్రి గడవనీయవలెను. కుందేలు పిల్లల పడక చుట్టును సాయంకాలము పలుచగా బూడిద చల్లి, ప్రొద్దున అడుగుల జాడలు చూడవచ్చును. పిల్లలు చురుకుగా, కడుపు నిండుగా ఉన్న యెడల తల్లి వచ్చి పోయినదన్నమాట. మనిషి చేయి తగిలిన పిల్లను తల్లి ముట్టదని ఒక నమ్మకము ఉన్నది. పక్షుల విషయమున ఇది ఉత్త మాట. గూటినుండి పడిన పిట్టపిల్లను తిరిగి గూటిలో పెట్టిన యెడల తల్లి మేత పెట్టుట మానదు. తక్కిన జంతువులలో కూడ తల్లులు అంత తేలికగా పిల్లను విడువవు. వాసనకంటె మన గుంపు, మన అల్లరి వానిని ఎక్కువ బెదరించును.

కోత సమయమున మాత్రము ఒక రాత్రి ఆగుట రైతుకు కష్టమే. వరికోత యంత్రము గంటకింత అని అద్దెకు వచ్చియుండును. కూలీలు మరునాడు దొరకకపోవచ్చును. అట్టిచోట చేను అంతయు ఆపనక్కరలేదు. పిల్లలున్న చోట నాలుగు వైపుల పది పదిహేను గజముల పైరును నిలిపి, మిగిలినది కోసికొనవచ్చును. రాత్రి తల్లి వచ్చి పిల్లలను నోట కరచుకొని ప్రక్క చేనులోనికో, పొదలోనికో మార్చుకొనును. అడవిపిల్లి ఈ పనిలో మిక్కిలి నేర్పరి. యంత్రముతో కోయునప్పుడు చుట్టునుండి లోపలికి కోయుచు పోయిన యెడల జంతువులన్నియు నడుమ చిక్కుకొని చచ్చును. నడుమనుండి బయటికి, లేదా ఒక వైపునుండి పొద ఉన్న వైపునకు కోసిన యెడల వానికి దారి దొరకును. చెఱకు ఆకును నాలుగు మూలల ఒక్కసారి అంటించుట ఇంకను ఘోరము.

మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతము ఈ విషయమున చూడదగినది. అక్కడి చెఱకు తోటలలో చిరుతలు ఈనుట సాధారణము. కోత కూలీలకు కూనలు దొరికినప్పుడు వారు అటవీశాఖకు కబురు చేయుదురు. పశువైద్యుడు కూనల ఆరోగ్యము చూచి, సాయంకాలము దొరికిన చోటనే ఒక పెట్టెలో ఉంచును. కెమెరా ఒకటి అమర్చి అందరును దూరముగా తొలగుదురు. చీకటి పడినమీదట తల్లి వచ్చి కూనలను తీసికొని పోవును. మానిక్‌డోహ్‌లోని చిరుతల రక్షణ కేంద్రమువారు, మహారాష్ట్ర అటవీశాఖవారు కలిసి ఈ విధముగా అనేక కూనలను తల్లులకు చేర్చినారు. ఇందులో పెంపకము అనునది లేనే లేదు. పని అంతయు ఓపికలోనే ఉన్నది.

మన దగ్గరి ఉదాహరణము వేరొక విధముగా ముగిసినది. 2023 మార్చిలో నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలము పెద్ద గుమ్మడాపురము వద్ద నాలుగు పులిపిల్లలు, నాలుగును ఆడవి, తల్లి లేకుండ గ్రామస్థుల కంటబడినవి. కుక్కలు చంపునేమోనని వారు వానిని ఒక గదిలో భద్రపరచి అటవీశాఖకు తెలిపినారు. పులి పిల్లలని తెలిసి కూడ కఱ్ఱ ఎత్తకపోవుట సామాన్యమైన విషయము కాదు; ఆ ఊరివారిని మెచ్చుకొనవలెను. అటవీశాఖవారు టి-108 అను సంఖ్యగల తల్లిపులిని వెదకి, పిల్లలను దానితో కలుపుటకు ప్రయత్నించినారు. అది ఫలింపలేదు. చివరకు పిల్లలను తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు చేర్చినారు. పులిపిల్ల ఒకసారి మనిషి చేతికి వచ్చినమీదట తిరిగి అడవికి పోవుట ఎంత దూరపు ప్రయాణమో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నియమములు చూచిన తెలియును. అడవిలోనే ఆవరణ కట్టి కనీసము రెండు సంవత్సరములు పెంచవలెను. ఒక్కొక్క పిల్ల కనీసము 50 సార్లు తానుగా వేటాడి చంపియుండవలెను. అప్పుడుగాని విడుదల మాట ఎత్తకూడదు. తల్లి ఊరకనే నేర్పు విద్యకు ప్రభుత్వమునకు ఇంత ఏర్పాటు కావలసివచ్చుచున్నది.

ఇక పాల సంగతి. చేజేతుల చంపుట ఎక్కువగా జరుగునది ఇక్కడనే. తాండూరు వైపు కంది రైతు ఒకాయన ఒక చలికాలమున గంపలో మూడు కుందేలు పిల్లలను పెట్టుకొని రైలెక్కి, సికింద్రాబాదులో బోయిగూడ వైపు ద్వారమున దిగి, నేరుగా మా ఇంటికి వచ్చినాడు. "తల్లి ఉరికిపోయింది సారూ, చలికి సస్తయని తెచ్చిన. పొద్దటి సంది బర్రెపాలు దూదితో తాగిపిస్తున్న" అన్నాడు. ఆయన ప్రేమకు వంక పెట్టలేము. మార్గములో తన కంబళి కూడ గంపకే చుట్టినాడు. కాని పిల్లల కడుపులు ఉబ్బియున్నవి, ఒక దాని ముక్కున పాలు కారుచున్నవి. రాత్రికి అది పోయినది, తెల్లవారుసరికి రెండవది పోయినది. మూడవదానిని జంతు ప్రదర్శనశాలవారికి అప్పగించినాము. "నాలుగు బర్రెలను సాకినోణ్ణి, ఇంత పిల్లను సాకలేకపోతినా" అని ఆయన గంపను చూచుచు కూర్చున్నాడు.

ఇది ఆయన చేతగానితనము కాదు, పాల తేడా. ఆవు పాలలో వెన్న నూటికి సుమారు నాలుగు పాళ్ళు, పాలచక్కెర సుమారు ఐదు పాళ్ళు. బర్రెపాలలో వెన్న ఏడు పాళ్ళ వరకు ఉండును. కుందేలు జాతి పాలలో వెన్నయు, మాంసకృత్తులును ఒక్కొక్కటి పది పాళ్ళకు మించును. చక్కెర మాత్రము సుమారు రెండు పాళ్ళే. ఒక జాతి పిల్ల కడుపు ఆ జాతి పాలకే తయారైనది. ఆవు పాలలోని చక్కెర దాని కడుపులో అరుగక పులిసి, కడుపు ఉబ్బి, పారుడు పట్టును. నీరు పోయి రెండు దినములలో పిల్ల చచ్చును. పాలలో నీళ్ళు కలిపిన మేలని కొందరందురు. దానివలన బలము తగ్గుటే గాని చక్కెర దోషము పోదు. మరియొక ప్రమాదము, వెల్లకిల పట్టుకొని నోట పాలు పోయుట. పాలు ఊపిరితిత్తులలోనికి పోయి జ్వరము తెచ్చును. ముక్కున పాలు కారుట దానికే గుర్తు. చల్లబడిన పిల్లకు ఏది పెట్టినను అరుగదు. ముందు ఒళ్ళు వెచ్చబడవలెను. మిక్కిలి చిన్న పిల్లలు తమంతట మూత్రము కూడ విడువలేవు. తల్లి నాకుటచేత అవి విడుచును. ఇట్టి సూక్ష్మములు తెలిసినవారే పెంపకమునకు పూనుకొనవలెను.

అందువలన నిజముగా అనాథ అయిన పిల్ల దొరికినప్పుడు మీరు చేయవలసినది చాల కొంచెము. చేతికి గుడ్డ చుట్టుకొని పిల్లను ఎత్తి, గాలి రంధ్రములున్న అట్టపెట్టెలోనో, మూతగల గంపలోనో మెత్తని పాత గుడ్డ పరచి ఉంచవలెను. గోనె పోగులు కాళ్ళకు చిక్కుకొనును కావున గోనె వలదు. గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక ప్రక్క ఉంచిన యెడల, వేడి ఎక్కువైనప్పుడు పిల్ల ఆవలి ప్రక్కకు జరుగగలదు. చీకటి, నిశ్శబ్దము ముఖ్యము. ఊరిలోని పిల్లలందరు వచ్చి చూచుట, ఎత్తుకొని ఫోటోలు దిగుట పనికిరాదు. జింక జాతి పిల్లలు భయముచేతనే ప్రాణము విడుచుట కద్దు. పాలు, గంజి, గ్లూకోజు ఏదియు పోయక అటవీశాఖ బీటు అధికారికి గాని, రేంజి కార్యాలయమునకు గాని వెంటనే కబురు చేయవలెను. వారు దొరకని యెడల 112కు ఫోను చేయవచ్చును. పశువైద్యుని అందుబాటులో ఉంచుకొనుట మంచిది.

కోతి, నక్క, ముంగిస, గబ్బిలము పిల్లలను ఉత్త చేతులతో ఎంతమాత్రము పట్టుకొనరాదు. పిచ్చికుక్క వ్యాధి కుక్కకే పరిమితమైనది కాదు. లక్షణములు బయటపడినమీదట మనిషి బ్రతుకుట దాదాపు లేదు. కరచినను, గీరినను సబ్బుతో, పారు నీటిలో పదిహేను నిమిషములు కడిగి, అదే దినమున ఆస్పత్రికి పోయి టీకా తీసికొనవలెను. మన కుక్కల జబ్బులు కూడ అడవి జంతువులకు సోకును. 2018లో గుజరాతులోని గిర్ అడవిలో కుక్కలకు వచ్చు డిస్టెంపరు వ్యాధి సోకి సింహములు చనిపోయినవి. కావున పిల్ల ఉన్న పెట్టెను కుక్కలు మసలు చావడిలో ఉంచకూడదు.

"మాకు ఓపిక ఉన్నది, ఖర్చునకు వెరువము, మేమే పెంచుదుము" అనువారు కూడ ఉన్నారు. వారు కెన్యా దేశపు డాఫ్నీ షెల్డ్రిక్ అను ఆమె అనుభవము తెలిసికొనవలెను. ఏనుగు పిల్లలకు ఆవు పాలలోని వెన్న అరుగక అవి చనిపోవుచుండగా, ఆమె ఏండ్ల తరబడి ప్రయత్నించి, కొబ్బరినూనె గల పాలపొడి వానికి సరిపడునని కనుగొన్నారు. 1974లో అయిషా అను ఏనుగు పిల్లను ఆ విధముగా ఆరు నెలలు పెంచినారు. కుమార్తె వివాహమునకై ఆమె కొద్ది దినములు వెళ్ళగా, ఆమెకే అలవాటుపడిన ఆ పిల్ల మేత మాని చనిపోయినది. పాలు సరిపోయినను మనసు సరిపోలేదు. అటుపిమ్మట ఆమె ఏ పిల్లను ఒక్క మనిషికి అలవాటు కానీయక, పలువురు కాపరులను మార్చి మార్చి పెట్టెడివారు. 1977లో ఏర్పడిన ఆమె సంస్థ నేటికిని ఈ పద్ధతినే పాటించుచున్నది. మన ప్రక్కనే తమిళనాడు తెప్పకాడు శిబిరములో బొమ్మన్, బెల్లి దంపతులు ఏనుగు పిల్లలను పెంచిన వృత్తాంతము సినిమాగా వచ్చి 2023లో ఆస్కారు బహుమతి పొందినది. అది చూచి ఉత్సాహపడినవారు ఒక సంగతి మరువరాదు: వారు అటవీశాఖ శిబిరములో, పశువైద్యుల పర్యవేక్షణలో ఆ పని చేసినారు.

పెరిగినమీదటి కష్టము మరియొకటి. చేతిమీద పెరిగిన మగ జింక మనిషికి భయపడదు. కొమ్ములు వచ్చి ఎదకు వచ్చినప్పుడు అది మనిషిని తనతో పోటీపడు మరొక మగదిగా తలంచి పొడుచును. అడవిలో వదలుదమన్న కుక్కకు వెరువదు, మంద చేర్చుకొనదు. అడవిపిల్లి కూనయు మూడు నెలలు ముద్దుగా ఉండి, ఆమీద కోళ్ళగూటిలో దూరును.

చట్టము కూడ తెలిసియుండవలెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవి జంతువును పట్టుటయు వేట క్రిందికే వచ్చును. పక్షుల గూళ్ళను, గ్రుడ్లను కదలించుటయు అట్లే. జాలితో తెచ్చినను, ఏ కారణముచేతనైనను అడవి జంతువు మీ చేతికి వచ్చిన యెడల 48 గంటలలోగా దగ్గరి పోలీసు ఠాణాలో గాని, అధికారము గల అటవీ ఉద్యోగికి గాని తెలుపవలెను. నెమలి, కృష్ణజింక, ఎలుగుబంటి, చిరుత మొదటి షెడ్యూలులోనివి. వాని విషయమున నేరము రుజువైన శిక్ష మూడు సంవత్సరములకు తగ్గదు, ఏడు సంవత్సరముల వరకు పోవచ్చును. గ్రామోద్యోగులు దీనిని భయపెట్టుటకు వాడక, ముందే తెలియజెప్పుటకు వాడవలెను. భయపడినవాడు పిల్లను రహస్యముగా దాచును, లేదా పూడ్చివేయును.

ఊరిలో సేవ చేయగోరు యువకులకు పని లేకపోలేదు. పిల్ల ఉన్న చోట రాత్రి దూరమునుండి కాపలా కాయుట, కుక్కలను కట్టివేయించుట, రేంజి కార్యాలయమునకు బండి కట్టి పెట్టెను చేర్చుట, ఇవి ముగ్గురు నలుగురు కలిసిన చేయదగిన పనులు. అంతకంటె పెద్ద పని, అనాథలు పుట్టకుండ చూచుట. పందులకని చేను చుట్టును దొంగతనముగా కరెంటు తీగె పెట్టుటవలన తల్లి జంతువులు చచ్చుచున్నవి, వానితోపాటు మనుష్యులును చచ్చుచున్నారు. పిట్టగోడ లేని పాత బావులలో రాత్రివేళ జంతువులు పడుచున్నవి. సర్పంచి, పంచాయతీ కార్యదర్శి తలచుకొన్న ఈ రెండింటిని ఒక వేసవిలో సరిచేయవచ్చును.

పట్టణమువారికిని అవకాశము ఉన్నది. మా బోయిగూడ వంటి పేటలలో జింకపిల్ల దొరకదు గాని, పాత ఇంటి చూరు విప్పినప్పుడు ఉడుత పిల్లలు పడుట, చెట్టు నరికినప్పుడు గద్ద పిల్ల నేలకు వచ్చుట కద్దు. ఉడుత పిల్లలను చిన్న బుట్టలో గుడ్డ పరచి అక్కడనే పిల్లికి అందనంత ఎత్తున వ్రేలాడదీసిన, పగటివేళ తల్లి వచ్చి ఒక్కొక్కదానినే మోసికొని పోవును. ఇంతకుమించి చేయగోరువారు 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఒక జంతువు మేత ఖర్చు భరించు పథకములో చేరవచ్చును. 1995 నుండి హైదరాబాదులో పాములను పట్టి అడవికి చేర్చుచున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారివలె, శిక్షణ పొంది, అటవీశాఖతో కలిసి పనిచేయుట ఉత్తమ మార్గము.

పిల్లను అటవీ ఉద్యోగికి అప్పగించునప్పుడు ఒక చీటీ వ్రాసి పెట్టెతోపాటు ఇవ్వవలెను. అందులో పిల్ల దొరికిన తేది, వేళ, గ్రామము, సర్వే నంబరు, ఏ పైరులో ఏ మూలన దొరికినది, తల్లి కనబడినదా లేదా, పిల్లకు ఏమైనను త్రాగించినారా, ఎవరినైన కరచినదా అను సంగతులు ఉండవలెను. బాగుపడిన పిల్లను సాధ్యమైనంతవరకు దొరికిన చోటికి దగ్గరగానే విడుతురు కావున సర్వే నంబరును మరువకూడదు. చీటీ నకలు ఒకటి పంచాయతీ కార్యదర్శి వద్ద ఉంచవలెను.